పన్నెండు శాంపిల్స్ తగాదా

"నా పన్నెండు శాంపిల్స్ తీసి పారేసింది మీరేనా?"

ల్యాబ్ తలుపు తోసుకొచ్చిన అమ్మాయి కళ్లలో నిప్పులు. కంప్యూటర్ ముందున్న అబ్బాయి ల్యాబ్ ఫలితాలు విశ్లేషించే ఉద్యోగంలో చేరి నాలుగు రోజులే అయింది.

"పారేయలేదండీ, లెక్కలోంచి పక్కన పెట్టానంతే. అంకెలు అడ్డదిడ్డంగా ఉంటే పొరపాటేమో అనుకున్నా."

"మూడేళ్ల కష్టమండీ! నన్నడగాలని తోచలేదా?"

"అడుగుదామనే వచ్చా. మీరేమో మైక్రోస్కోప్ కింద కణాలతో కబుర్లాడుతున్నారు. మధ్యలో దూరడం బాగోదని..."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుని కుర్చీ లాక్కుంది.

"ఈ క్యాన్సర్ కణాలు మహా టక్కరివి. తమ ఆర్ఎన్ఏ మీద చిన్న రసాయన గుర్తు పెట్టుకుంటాయి. దాని చలవతో ఒంట్లోని రక్షక కణాల కళ్లు కప్పుతాయి. ఆ గుర్తు పెట్టే ఎంజైమ్‌ని నేను తీసేశా. మీరు పక్కన పెట్టిన పన్నెండూ ఆ కణాలవే."

"అయితే రక్షక కణాలకి దొరికిపోయాయా?"

"అది మీరే తేల్చాలి. మూడు వారాల్లో మీటింగ్. తేలకపోతే ప్రాజెక్టు ఆపేస్తారు."

ఆ మూడు వారాలూ ఒకటే వాన. ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు. ఆమె బిస్కెట్లు అతని వైపు జరిపేది. అతను స్క్రీన్ చూస్తూనే ప్యాకెట్ ఖాళీ చేసేవాడు.

మీటింగ్‌కి రెండు రోజుల ముందు అతను గొంతు సవరించుకున్నాడు.

"తొమ్మిదింటిలో రక్షక కణాలు నిజంగానే విరుచుకుపడ్డాయండీ. కానీ మూడు పాడైనవే. వాటినీ కలిపితే ఫలితం ఇంకా గొప్పగా కనిపిస్తుంది. అయినా కలపకూడదు."

"నా మీద కక్ష కదూ?"

"కక్షా! మీటింగ్‌లో మిమ్మల్ని ఎవరైనా తప్పుపడితే నేను తట్టుకోలేను."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆమె గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

మీటింగ్‌లో ఆమె తొమ్మిదే చూపించింది. పెద్ద సైంటిస్టు కళ్లజోడు సర్దుకున్నాడు. "మిగతా మూడు?"

"ఆర్ఎన్ఏ పాడైంది సార్. అందుకే వదిలేశాం."

"మంచి పని చేశారు. ప్రాజెక్టు కొనసాగించండి."

వరండాలో అబ్బాయి ఎదురొచ్చాడు. "వదిలేశాం అన్నారు. ఎవరెవరండీ?"

"మీరూ నేనూ. ఇప్పటికి ప్రాజెక్టులో. ఆ తర్వాత మీ ఇష్టం."

"నా ఇష్టం ఎప్పుడో తేలిపోయిందండీ!"

కూతురి ప్రసంగం వినడానికొచ్చిన తల్లి వెనకనుంచి దగ్గింది. "రోజూ ఫోన్లో అరగంట తిట్టేది ఈ అబ్బాయినేనా?"

"అమ్మా!"

"నచ్చనివాళ్ల గురించి అరగంట ఎవరు మాట్లాడతారే? బాబూ, ఆదివారం మీ అమ్మానాన్నలతో భోజనానికి రా."

అబ్బాయి అమ్మాయి వైపు చూశాడు.

"వస్తారమ్మా," అంది అమ్మాయి.