మానుకోట టైపు మిషన్

ముందుగదిలో కూర్చున్నవాళ్లు లేచి వెళ్లాక ప్రమీల చీపురూ తడిగుడ్డా పట్టుకుని లోపలికి వచ్చింది. బెంచీ కింద బీడీ ముక్కలు, టీ గ్లాసుల అడుగున నానుతున్న సిగరెట్టు పీకలు, కిటికీ పక్క గోడ మీద ఎవడో ఊసిన పాన్ మరక. ఆ మరకను ఆమె ముఖం పక్కకు తిప్పుకుని తుడిచింది. రోజూ ఉన్న పనే, అయినా ఆ రోత ఆమెకు ఎన్నడూ అలవాటు కాలేదు.

జనగామలో రామ్మోహన్ ఇల్లు తెలియనివాళ్లు తక్కువ. బచ్చన్నపేట దగ్గర భూములున్నాయి, పంచాయతీ సమితి రాజకీయాల్లో పలుకుబడి ఉంది. అన్నిటికంటే మించి, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పనిచేసిన మనిషన్న పేరుంది. ఆ పేరెలా వచ్చిందో ఆయనే అందరికీ చెప్పేవాడు. ఆ ఉదయం కూడా చెప్పాడు.

"బయట పోలీసులు తలుపు గుద్దుతాన్రు. లోపట నేను టైపు మిషన్ ముందట కూసున్న. ఢిల్లీకి పోయే అర్జీ అది. ఆఖరి లైను కొట్టేదాక లేవలే. కాయితం అంగీల పెట్టుకొని దొడ్డిగోడ దుంకిన!"

వంటింట్లో టీ వడపోస్తూ ప్రమీల ఇదంతా వింది. ఆ రోజుల్లో ఆమె మూడేళ్ల రాధతో పుట్టింట్లో ఉండేది కనుక ఆయన చెప్పిందే ఆమెకూ తెలుసు. అప్పట్లో విన్నప్పుడు గర్వపడింది. పదిహేనేళ్లుగా అదే కథ, అవే మాటలు, అక్కడక్కడే ఆగడం. ఇప్పుడు వింటుంటే నిన్నటి కూర మళ్లీ వేడి చేసి వడ్డించినట్టుండేది.

రాధ అన్నానికి కూర్చుంటూనే మిషన్ సంగతి ఎత్తింది. టైపు పరీక్ష పాసై మూడు నెలలైంది. సొంత మిషన్ ఉంటే ఇంటి దగ్గరే కొట్టుకురమ్మని కోర్టు కాగితాలు ఇస్తామని ఇద్దరు వకీళ్లు మాటిచ్చారు.

"హన్మకొండల కొత్తది చూసిన. ఆఫీసులల్ల ఉండేది. అది ముందుగదిల పెడితె ఎట్లుంటది!" అన్నాడు రామ్మోహన్.

"గంత పెద్దది నాకెందుకు బాపూ? నేను లేపలేను సుత. చిన్నది కావాలె. మూత పెట్టి అల్మారల పెట్టుకునేది, రోజూ పనిచేసుకునేది. తక్కువల వచ్చేది."

"చిన్నదాంట్ల ఏముంటది? ఎవలన్న చూస్తె నవ్వుతరు."

"చూపిచ్చుకునేటందుకా బాపూ?" అని నవ్వింది రాధ. "మా టైపు సార్ ఒకటి చెప్పిండు. మానుకోటల శ్రీపాల్ అని కిరాణ దుకాణపాయన తన చిన్న మిషన్ అమ్ముతాండట. నువ్వు ఆయనకు మంచిగ ఎరుకనట."

రామ్మోహన్ కలుపుతున్న ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"అది తుక్కు," అన్నాడు. "అది వద్దు."

"నువ్వు చూసినవా?"

ఆయన మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. కూతురు వదల్లేదు. చివరికి "సరే, చూసొద్దాం" అనక తప్పలేదు.

ఆదివారం పొద్దున ప్యాసింజరు బండిలో ముగ్గురూ బయల్దేరారు. దారిపొడుగునా రామ్మోహన్ ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉన్నాడు. కేసముద్రంలో మిరపకాయల బస్తాలతో ఎక్కిన వ్యాపారిని పట్టుకుని మార్కెట్ ధరల మీద ఉపన్యాసం ఇచ్చాడు. మానుకోట అని పిలిచే మహబూబాబాద్ స్టేషన్ దగ్గరపడేసరికి మాత్రం ఆయన నోరు కట్టేసినట్టయింది.

శ్రీపాల్ దుకాణం స్టేషన్ వెనక సందులో ఉంది. ముందు కొట్టు, వెనక రెండు గదులు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సన్నటి మనిషి వీళ్లను చూసి ఒక్క క్షణం తేరిపార చూశాడు. తర్వాత అతని ముఖమంతా నవ్వయింది.

"రామ్మోహనూ! నువ్వేనా! రా, లోపటికి రా. వనమాలా, చూడు ఎవరొచ్చిన్రో!"

శ్రీపాల్ కుర్చీలు జరుపుతుంటే ప్రమీల ఆయన కుడిచేయి చూసింది. మధ్యవేళ్లు మూడూ వంకర తిరిగి, అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే కదులుతున్నాయి. రామ్మోహన్ గోడ మీది క్యాలెండరు వంక చూస్తున్నాడు.

శ్రీపాల్ మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. చేతిపెట్టె లాంటిది. మూత తీస్తే బూడిదరంగు చిన్న మిషన్, దుమ్ము లేదు, తుప్పు లేదు. రాధ కాగితం ఎక్కించి నాలుగు వరసలు కొట్టింది. చప్పుడు తేలికగా, చిటపటమని వచ్చింది. పిల్ల కళ్లు మెరిశాయి.

"ఇదే బాపూ! నాకు ఇదే కావాలె."

"ఆగు," అన్నాడు రామ్మోహన్. వేలితో మీటలు తట్టాడు, పక్కకు వంచి చూశాడు. "శ్రీపాల్, పాతదాయె గదా. ఇగో, అక్షరాలు అరిగినయ్. రబ్బరు గట్టిపడ్డది. గిసుంటిది ఇప్పుడు ఎవలు కొంటరు?"

"మంచిగనే కొడుతాంది గదా బాపూ!"

"నువ్వు ఊకో. బేరం నీకేం ఎరుక?"

ప్రమీలకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి అడిగిందే తక్కువ. పైగా పాత స్నేహితుడు. అక్కడ కూర్చోలేక, వనమాలకు సాయం చేసే నెపంతో వంటగదిలోకి వెళ్లింది.

వనమాల స్టవ్ మీద చాయ్ పెడుతోంది. కలుపుగోలు మనిషి.

"కూసో అక్కా. మీ ఆయనను చూసి ఈయనకు ఎంత సంబురమైందో చూసినవా! ఎన్నేండ్లాయె కలువక!"

"ఆయన చెయ్యికేమైంది వనమాలా?"

వనమాల ఆశ్చర్యంగా చూసింది. "మీ ఆయన చెప్పలేదా? జనగామల రూముల ఈయన టైపు కొడుతాంటె పోలీసులొచ్చిన్రు గద. ఈయన ఈ మిషన్నే పక్కింటోళ్ల బియ్యం గుమ్మిల ఏసిండు గని, తాను దొరికిపాయె. మిషన్ ఏది, ఇంకొకడు ఎవడు అని అడిగిన్రట. ఈయన నోరిప్పలే. అడిగినప్పుడల్ల లాఠీతోని ఆ వేళ్ల మీదనే కొట్టిన్రు."

ప్రమీల చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. "టైపు కొట్టింది మీ ఆయననా?"

"మరెవరు? మీ ఆయనకు టైపు రాదు గద! తలుపు కాడ నిలబడి పోలీసులొస్తె చెప్పుడు మీ ఆయన పని. పాపం, పిలిచిండట. 'మిషన్ చప్పుడుల నాకు ఇనరాలే' అంటడు ఈయన. మీ ఆయన గోడ దుంకి పోయిండు. మంచిదాయె, ఒక్కలన్న దక్కిన్రు."

ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అది ఉంటే ప్రమీల కొంత తట్టుకునేదేమో. ముందుగదిలోంచి భర్త గొంతు వినిపిస్తోంది. "సగానికిచ్చెయ్ శ్రీపాల్. ఇంట్ల పడి ఉండుడుకంటె నయం గదా."

"నీ బిడ్డకే గదా రామ్మోహనూ. నీ ఇష్టం, ఎంతన్న ఇయ్యి," అంటున్నాడు శ్రీపాల్.

వనమాల ఇచ్చిన చాయ్ ప్రమీల పక్కన పెట్టేసింది. పెరట్లోకి వెళ్లి, తొట్టి దగ్గర వాంతి చేసుకుంది.

తిరుగు ప్రయాణంలో రాధ మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రమీల భర్త పక్కన చోటున్నా అవతలి సీట్లో ముసలమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆయన వేరుసెనక్కాయలు కొని పొట్లం చాపితే తల తిప్పుకుంది. పొట్టు మీసాలకు అంటించుకుని ఆయన నములుతుంటే ఆ చప్పుడు కూడా భరించలేకపోయింది. ఈ మనిషి ఎంగిలి కంచంలో తను ఇన్నేళ్లు అన్నం తిన్నదా అనిపించింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. రాధ బల్ల తుడిచి మిషన్ పెట్టబోతుంటే ప్రమీల అడ్డం నిలబడింది.

"దాన్ని ముట్టుకోకు."

"ఏందమ్మా?"

"మీ బాపునడుగు, ఇది ఎవరిదో. దీని మీద అర్జీలు కొట్టింది ఎవరో."

రామ్మోహన్ కండువా తీస్తున్నవాడు ఆగాడు. "ఏం మాట్లాడుతానవే? పిల్ల ముందట..."

"పిల్ల ముందటనే మాట్లాడుత. పిల్ల ముందటనే గదా నువ్వు గిన్నేండ్లు అబద్ధం చెప్పింది!" ఇరవై ఏళ్లుగా మీరు అని పిలిచిన మనిషిని ఆమె నువ్వు అన్నది. "టైపు కొట్టింది నువ్వా? వేళ్లు పోయింది నీవా? ఆయన వేళ్లు అమ్ముకొని ఈ ముందుగదిల కుర్చీలేసుకున్నవ్. అది చాలలేదా? పోయి ఆయనతోనే సగానికి బేరం చేస్తవా? థూ! పొద్దుగాల గోడ మీద ఊసిన ఉమ్ము తుడుస్తుంటె నాకు రోతనిపిస్తది. ఇయ్యాల నిన్ను చూస్తె అంతకన్న ఎక్కువ రోతగున్నది."

రాధ తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. "బాపూ? అమ్మ చెప్పేది నిజమేనా?"

రామ్మోహన్ అరవబోయాడు. కూతురి ముఖం చూసి ఆగాడు. బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆ చెయ్యి చూడలేకపోయిన," అన్నాడు నేల చూస్తూ. "మిషన్ గురించి, ధర గురించి మాట్లాడుతనే ఉండాలె. మాట ఆపితె... ఆ చెయ్యి గురించి అడగవలసొస్తది. అందుకే ఏందేందో వాగిన."

"వనమాల చెప్పింది," అంది ప్రమీల. "నువ్వు పిలిచినవట, ఆయనకు ఇనరాలేదట. పిలిచినవా?"

రామ్మోహన్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"పిలిచినవా అంటున్న!"

"లేదు," అన్నాడు. "పోలీసులను చూసిన. నోరు లేవలే. కాళ్లు మాత్రం ఉరికినయ్."

రాధ మిషన్ మూత పెట్టింది. "నాకు ఇది వద్దు," అని లోపలికి వెళ్లిపోయింది.

ప్రమీల ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. అన్నం వండి గిన్నెలు బల్ల మీద పెట్టేది, వడ్డించేది కాదు. పొద్దున వచ్చిన మనుషులకు చాయ్ పంపడం మానేసింది. రామ్మోహన్ వాళ్లను ముందుగదిలో కూర్చోబెట్టాడు కానీ, కథ చెప్పమంటే "ఒంట్ల బాగలేదు" అన్నాడు. కూతురు ఎదురుపడితే తల దించుకునేవాడు. బొత్తాలు తప్పుగా పెట్టుకున్న అంగీతో దొడ్లో అటూ ఇటూ తిరిగే ఆ మనిషిని కిటికీలోంచి చూసినా ప్రమీలకు జాలి కలగలేదు. ఇది కూడా ఒక వేషమేమో అనుకుంది.

ఆ వారం గడవకముందే ఆయనే వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"మానుకోట పోతాన్న. ఒక్కన్ని పోతె మల్ల గోడ దుంకుతనేమోనని భయమైతాంది. మీరిద్దరు నా ఎంబడి రాన్రి."

ఈసారి బండిలో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మిషన్ తన ఒళ్లోనే పెట్టుకున్నాడు.

శ్రీపాల్ మళ్లీ నవ్వుతూ లేచాడు. "ఏంది, మిషన్ ఖరాబైందా?"

"లేదు. నీతోని ఒక మాటున్నది," అన్నాడు రామ్మోహన్. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. వనమాల కూడా వంటగది తలుపు దగ్గరకొచ్చింది. "శ్రీపాల్, ఆనాడు నేను నిన్ను పిలువలే. పోలీసులను చూసి, చప్పుడు చెయ్యకుంట ఉరికిన. నువ్వు పట్టుబడ్డంక ఊరంత తిరిగి టైపు కొట్టింది నేనేనని చెప్పుకున్న. ఇయ్యాల్టిదాక చెప్పుకుంటనే ఉన్న."

దుకాణం బయట ఎడ్లబండి ఒకటి గలగలమంటూ పోయింది. అది సందు దాటేదాకా చూసి శ్రీపాల్ గల్లాపెట్టె మూశాడు.

"పిలువలేదని నాకు తెలుసు," అన్నాడు.

"మిషన్ చప్పుడుల ఇనరాలేదంటివట..." అనబోయాడు రామ్మోహన్.

"అప్పుడు మిషన్ చప్పుడు లేదు రామ్మోహనూ. ఆపి నీళ్లు తాగుతున్న. నువ్వు ఉరికిన కాళ్ల చప్పుడు సుత ఇన్న. అది నీదని తెల్వక, ఎవరో పిల్లలనుకున్న."

వనమాల వచ్చి భర్త ఎదుట నిలబడింది. "గిన్నేండ్లు నాకు అబద్ధం చెప్పినవా? పిలిచిండు, నాకే ఇనరాలే అని?"

"నిజం చెప్తె ఏమైతది? నువ్వు ఏడుస్తవు. నేను ఆయనను తిట్టుకుంట కూసుంట. ఆ చెయ్యితోని దుకాణం నడుపాలె, సంసారం నడుపాలె. పగ సుత మొయ్యాల్నంటె నాతోని కాలే. అందుకే పిలిచిండనుకున్న. అనంగ అనంగ నేను సుత నమ్మిన."

రామ్మోహన్ ఆయన కుడిచేయి పట్టుకున్నాడు. ముడుచుకున్న ఆ వేళ్ల మీద నుదురు ఆనించి, చిన్నపిల్లవాడిలా గట్టిగా ఏడ్చాడు. ముక్కు కారుతోంది, తుడుచుకోలేదు. సభల్లో ఆయన కళ్లు తుడుచుకోవడం ప్రమీల చాలాసార్లు చూసింది. ఆ ఏడుపు ఇలా ఉండేది కాదు. ఆమెలోని అసహ్యం పోలేదు, కానీ ఆ క్షణాన తన కొంగు తీసి ఆయన ముఖం తుడవగలిగింది.

"ఇగ చాలు, లే," అంటున్నాడు శ్రీపాల్, తనూ కళ్లు ఒత్తుకుంటూ.

వనమాల మాత్రం కరగలేదు. ముఖం గంటు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ప్రమీల వెనకే వెళ్లి, ఏం చెప్పాలో తెలియక, పీట వాల్చుకుని వంకాయలు ముందుకు లాక్కుంది. ఇద్దరూ ఒక్క మాట లేకుండా కూర తరిగారు. కాసేపటికి వనమాల చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"నీ మీద కోపం లేదక్కా," అంది. "మీ ఆయన మీదున్నది. జల్ది పోదు."

"నాకు సుత పోలే," అంది ప్రమీల.

ముందుగదిలో రామ్మోహన్ మిగిలిన ధర బల్ల మీద పెట్టాడు. శ్రీపాల్ వద్దనబోతే రాధ ఒప్పుకోలేదు. "మీరు అడిగిందిస్తేనే నేను దీని మీద కొడుత కాకా. లేకుంటె కొట్ట." శ్రీపాల్ నవ్వి, సరేనన్నాడు. మూత తీసి, ఎడమచేత్తో ఒక తెల్లకాగితం అందించాడు. రాధ దాన్ని మిషన్‌కు ఎక్కించింది.

లోపల అన్నం ఉడికింది. వనమాల గడప దాకా వచ్చి, రామ్మోహన్ ముఖం చూడకుండా, గోడకు చెప్పినట్టుగా అన్నది:

"కూర ఐదుగురికి చేసిన. కాళ్లు కడుక్కోమను."