శ్రుతి పెంచింది నేనే

మా చర్చిలో పాడే గ్లోరీ పాట చెడగొట్టింది నేను. ఆ సంగతి నాకూ నా కీబోర్డుకూ తప్ప నారాయణఖేడ్‌లో ఇంకెవరికీ తెలియదు.

ఆ శనివారం కల్హేర్‌లో ఒక పెళ్లికి వాయించాను. అక్కడి పాటగాడిది సన్న గొంతు. అతని కోసం బటన్ నొక్కి శ్రుతి రెండు మెట్లు పెంచాను. ఆదివారం చర్చిలో దాన్ని దించడం మరిచిపోయాను. గ్లోరీ చరణం ఎత్తుకుంది. పై స్వరం దగ్గర గొంతు జీరపోయి ఆగిపోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. కిందికి చూస్తే కీబోర్డు మీద రెండు అంకె వెలుగుతోంది. గబుక్కున సున్నా చేశాను. నోరు మాత్రం మెదపలేదు.

వాయించడం నేర్చి ఏడాది కూడా కాలేదు. అసలు పనికొస్తానా అని నాకే అనుమానం. అదే అనుమానం గ్లోరీకి కూడా వస్తే? ఆమె నావైపు చూడగానే పాటల పుస్తకంలో తల దూర్చే ధైర్యవంతుణ్ణి నేను.

మూడు వారాలకు బస్టాండు దగ్గర కనిపించింది. తుంపర పడుతోంది.

“చర్చిల కోత పండుగకు పాట నువ్వే గదా?” అన్నాను.

“కోమల పాడుతది. నా గొంతు పోయింది తిమోతీ. ఇగ పాడ.”

“ఎవలన్నరు?”

“ఎవలో అనుడేంది? పక్కనే వాయించినవ్, నీకు ఇనపడలేదా?”

తిట్టినా బాగుండేది. పైగా “తడుస్తున్నవ్, రా” అని గొడుగు నా వైపు వంచింది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని.

ఆదివారం ఆరాధనలో పాస్టరు యేసయ్య ఎప్పటిలాగే, “సాక్ష్యం చెప్పేటోళ్లు లేవుండ్రి” అన్నాడు. ఆనందమ్మ అవ్వ లేచి దేవుడి దయతో మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్పి కూర్చుంది. తరువాత నేను లేచాను.

“గ్లోరీ గొంతుకు ఏం కాలే. ఆ దినం నేనే శ్రుతి ఎక్కువ పెట్టిన. తప్పు నాది. భయపడి చెప్పలే.”

చర్చి మొత్తం తిరిగి నన్ను చూసింది. గ్లోరీ మాత్రం తల దించుకుంది.

అందరూ వెళ్లాక వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మూడు వారాలు! ఇంట్ల ఎవలూ లేనప్పుడు గూడ నోరు తెరవలే నేను. ఎందుకు చెప్పలే?”

“నిన్ను పోగొట్టుకుంటనని.”

“నేనెప్పుడు నీదాన్నైన, పోగొట్టుకోనీకి?”

“కాలే. నాదానివైతే మంచిగుంటదని...”

గ్లోరీ కీబోర్డు వైపు తిరిగింది.

“కీబోర్డు ఆన్ చెయ్. సున్నా ఉందా? నన్ను చూడనియ్.”

వంగి తనే చూసుకుంది. ఖాళీ చర్చిలో మొదట మెల్లగా పాడింది. పై స్వరం వచ్చేసరికి వాయిస్తూనే మళ్లీ సున్నా వంక చూశాను. ఆమె గొంతు ఏ కష్టమూ లేకుండా దాన్ని దాటిపోయింది. చరణం మధ్యలోనే నవ్వింది, ఏడ్చింది, మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఆమె ముందు ఏడుస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఏడ్చాను.

పాట అయ్యాక చున్నీతో ముఖం తుడుచుకుంది.

“మా నాయిన ఇంట్లనే ఉన్నడు. పోయి చెప్పు.”

“శ్రుతి సంగతా?”

“గది అందరు విన్నరు. రెండోది, మంచిగుంటదన్నవ్ గదా, అది.”

“ఇప్పుడేనా?”

“మళ్ల మూడు వారాలు ఆగుతవా?” అంటూ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.