ఎక్కువ తీసేసిన నారింజ రంగు

“ఈ సెట్టింగ్ ఎవరు పెట్టారండీ?” రవికాంత్ అడిగాడు.

“నేనే. ఏటి, బాగోలేదా?” కృష్ణప్రియ తలెత్తకుండానే అంది. భిలాయి ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన, రక్తకణాల్ని లెక్కపెట్టే ఆ ఫ్లో సైటోమీటర్ మీద ఎవరు చెయ్యేసినా ఆమెకి ఒళ్ళు మండుతుంది.

“నారింజ కణాలు ఒక్కటీ కనబడ్డం లేదు. మొత్తం తీసీసారు. పచ్చ ట్యూబ్ నడపలేదా?”

నడపలేదు. రక్తకణాలకి రెండు రంగులు అంటించి లేజర్ ముందు పంపిస్తే, పచ్చ వెలుగు కొంత పక్కనున్న నారింజ లెక్కలోకి చొరబడుతుంది. ఆ వాటా తీసేయాలి. అదెంతో తెలియాలంటే పచ్చ ఒక్కటే వేసిన ట్యూబ్ ముందు నడపాలి. ఇవాళ ఆమె ఉజ్జాయింపుగా తీసిపారేసింది.

మనసు మనసులో ఉంటే కదా. నిన్న అతను, “విజయనగరంలో పెళ్ళిచూపులట. అమ్మ రమ్మంటోంది. వెళ్ళమంటారా?” అన్నాడు. “నన్నడుగుతారేటి, వెళ్ళండి,” అనేసింది.

ఇంకేం అంటుంది? అతను అందరికీ టీ తెచ్చిపెడతాడు, అందరినీ నవ్విస్తాడు. వానలో తనని మరోదాలో ఇంటి దాకా దిగబెట్టడం కూడా ఆ మంచితనమే అనుకుంది. అలా అనుకుంటూనే అతన్ని ప్రేమించింది, పిచ్చిపిల్ల.

పచ్చ ట్యూబ్ కలుపుతుంటే చెయ్యి ఆగింది. అందరికీ పంచే అతని మంచితనం వాటా కూడా ఇలాగే కొలవకుండా, ఎక్కువగా తీసేసిందేమో. అతను లోపలి గదిలోకి వెళ్ళేదాకా ఆగి, పక్క బల్ల దగ్గరున్న భాగ్యరేఖని మెల్లిగా అడిగింది.

“దీదీ, వానొస్తే రవికాంత్ గారు నిన్ను కూడా దిగబెడతారా?”

“నన్నా? టీ ఇస్తాడు, జోకేస్తాడు, బస్, అంతే. మబ్బు పడితే నీ సైకిల్ కాడ నిలబడతాడు. పూరా ల్యాబ్‌కి తెలుసు, నీకే తెల్దు.”

కృష్ణప్రియ మొహం వేడెక్కింది. పచ్చ ట్యూబ్ నడిపి, లెక్క సరిచేసింది. తెర మీద నారింజ చుక్కలు గుంపుగా తేలాయి.

“వచ్చాయే,” అన్నాడు రవికాంత్, వెనక్కి వచ్చి నిలబడి.

“ముందునించీ ఉన్నవే. నేనే ఎక్కువ తీసేసాను.” ఆమె కుర్చీ తిప్పింది. “విజయనగరం వెళ్ళకండి. మీరంటే నాకిష్టం.”

అతను పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మీరు వెళ్ళమన్నారని టికెట్ కొన్నాను గానీ, ప్రాణం ఒప్పలేదండీ. మరి అమ్మకేటి చెప్పను?”

“మీ అమ్మగారినే మా ఇంటికి రమ్మనండి. ఆదివారం నాన్నకి డ్యూటీ లేదు.”

“పెళ్ళిచూపులకా?”

“చూపులెందుకు? రోజూ చూస్తూనే ఉన్నారు కదా. ముహూర్తం మాట్లాడ్డానికి.”