మూడో ఫ్రేము

మా గుంపులో ఆరొందల మందిమి. ఒకే దెయ్యాల సీరియల్ చూసి, దాని గుట్టేమిటో ఫోన్లలో వాదించుకునేవాళ్ళం. నియమాలు నేనే రాశాను. ఊహ ఎవరైనా చెప్పొచ్చు, కానీ మూడు ఆధారాలు చూపించాలి. వీడియో ఆపి, నిమిషం కనబడేలా తీసిన మూడు ఫ్రేములు. లేకపోతే తీసేస్తాను. సొంత తమ్ముడు రాసినవే తీసేశాను.

ఆ మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నాను. బయట ఎండ మండిపోతోంది. అందరూ దర్జీ అక్క అని పిలిచే సభ్యురాలు ఇలా రాసింది: "ఏడో భాగంలో నడవా చివర నిలబడే ముసలిది నటి కాదు. వీడియో ఆపినప్పుడల్లా ముందుకొస్తోంది."

"ఆధారం?" అన్నాను.

"ఆపితేనే కదా బాబాయ్ వచ్చేది! రెండుసార్లు ఆపాను. ఇక నా వల్ల కాదు."

జనం ఊరుకుంటారా? "వస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టక్కా!" అన్నాడొకడు. నవ్వుల బొమ్మలు వరసకట్టాయి.

"ఐదింటి వరకే గడువు," అన్నాను.

మొదటి ఫ్రేము వచ్చింది. నడవా మధ్యలో ముసలిది.

రెండోది వచ్చింది. నడవా ఖాళీ.

"ఏదమ్మా మీ ముసలావిడ?"

"ఇక్కడ... నా కుట్టుమిషన్ పక్కన. తడి గోనెసంచి వాసన... మూడోది అడగొద్దు బాబాయ్. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నియమం అందరికీ ఒకటే," అని రాశాను. రాసినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

ఐదుకి రెండు నిమిషాల ముందు మూడోది వచ్చింది. నడవాలో దర్జీ అక్క నిలబడి ఉంది. మెడ చుట్టూ కొలతల టేపు. నోరు తెరిచి ఉంది.

"భలే అతికించావక్కా!" గుంపంతా మెచ్చుకుంది.

ఫోన్ మోగింది. ఆమె భర్త.

"పెద్దాయనా... మా ఆవిడ మీకేమైనా చెప్పిందా? లోపల గడియ పెట్టి ఉంటే తలుపు పగలగొట్టాను. గదిలో లేదు. మిషన్ మాత్రం తిరుగుతూనే ఉంది..."

అతికించిన బొమ్మే అయ్యుంటుంది. ఏడో భాగం పెట్టాను. ఆ నిమిషం దగ్గర ఆపాను.

ఉంది.

ఆగిన వీడియోలో ఏదీ కదలకూడదు. అక్క మెడకున్న టేపు బిగుసుకుంటోంది... కొంచెం... కొంచెంగా. దాని కిందికి వేళ్ళు దూర్చాలని ఆమె పెనుగులాడుతోంది. కళ్ళు నావైపే.

ప్లే నొక్కితే వదులుతుందా? లేక ఒక్కసారిగా...? దేనికీ ఆధారం లేదు. నా వేలు అలాగే ఉండిపోయింది.

"పెద్దాయనా, అక్క మాట ఒప్పుకున్నట్టేనా?" గుంపులో ఎవరో అడిగారు.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

టేపు రెండో కొస తెర అంచు దాటి, ఇటువైపే సాగి ఉంది. నా గదిలో తడి గోనెసంచి వాసన. లాగుతున్న చెయ్యి మాత్రం ఫ్రేములో పడలేదు.