కిటికీలోని గ్లాసు

ఆ పొద్దున స్వరాజ్యానికి చేతులు ఆడటం లేదు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డా చూసుకోలేదు. సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాలో దళితులకు మంచినీళ్ల కుండ వేరుగా పెడితే వాళ్లలో ఒకడైన ముత్యం ఎదురుతిరిగాడు. ఆమె భర్త మార్కండేయ అతని పక్కన నిలబడ్డాడు. సేఠ్ ఇద్దరినీ గెంటేశాడు. వాళ్లు పెట్టిన కేసులో ఇవాళే కోర్టులో ముత్యం సాక్ష్యం.

తనుండే వడోద్ బస్తీ నుంచి ముత్యం రానే వచ్చాడు. గడప మాత్రం దాటలేదు.

"నేను కోర్టుకు రాను, మార్కండేయా."

"ఏందిరా? సేఠ్ బెదిరించిండా?"

"ఆనికి నేను భయపడతనా! ఆడ ఆళ్ల వకీలు అడుగుతడు, నీ దోస్తు ఇంట్ల ఏ గ్లాసుల తాగుతవని. ఏం చెప్పాలె? ఒట్టేసి అబద్ధమాడాల్నా?"

అందరి చూపూ కిటికీ మీదికి పోయింది. అక్కడ ముత్యానికని విడిగా ఉంచిన చొట్టపడిన స్టీలు గ్లాసు, ఒక్కటే, బోర్లించి ఉంది.

"కిత్నీ బార్ చెప్పిన మమ్మీ, అది తీసెయ్యమని!" అంది కూతురు సింధూజ.

స్వరాజ్యానికి ఒళ్లు మండిపోయింది. తప్పు దొరికినప్పుడే కదా మనిషికి కోపం ఎక్కువ!

"నేనొక్కదాన్నే దొరికిన్నా? మా అత్త పెట్టిన పద్ధతది. మీ బాపు ఏనాడన్న వద్దన్నడా? ఎవరి ఎంగిలి వాళ్లకే..."

"ఎంగిలా?" మార్కండేయ ఆమె వైపు తిరిగాడు. "మా ఇద్దరిది ఒకటే మగ్గం. రాత్రి పాళీ వాడిది, పగటి పాళీ నాది. నూలు కండె మార్చినప్పుడల్లా, మగ్గంల అటూ ఇటూ ఉరికే నాడె కన్నంల నుంచి పోగు నోటితోనే పీల్చాలె. రాత్రంత వాడు పీల్చిన నాడెనే పొద్దుగాల నేను పీల్చేటోన్ని. నువ్వు నా పెండ్లానివి. ఇగ నువ్వే చెప్పు, ఎవరి ఎంగిలి ఎవరికి అంటలేదు?"

ఇన్నేళ్లు ఒక మనిషిని ఇంటికి పిలిచి మరీ అవమానించానా అనుకుంది స్వరాజ్యం. కిటికీలోని గ్లాసు తీసి, బిందెలో ముంచి, అందరూ చూస్తుండగా సగం గటగటా తాగేసింది. మిగతా సగం ముత్యం ముందు పట్టుకుంది.

"అన్నా, గిది నా ఎంగిలి. తాగుతవో తాగవో నీ ఇష్టం."

ముత్యం చెయ్యి చాచలేదు. "ఇన్నేండ్లకా, వదినె? ఇయ్యాల ఒక్క గుక్క తాగితే కోర్టుల ఏం చెప్పుమంటవు?"

"ఉన్నదున్నట్టు చెప్పు. ఆగు, నేను గూడ వస్త. ఆ గ్లాసు పెట్టింది నేనే అని జడ్జి ముంగట నా నోటితోనే చెప్త." కళ్లు కొంగుతో తుడుచుకుంది. "నువ్వు మాత్రం సాక్ష్యం వాపస్ తీసుకోకు, అన్నా."

అప్పుడు ముత్యం గడప దాటాడు. మార్కండేయ పక్కనే మంచం మీద కూర్చుని గ్లాసు అందుకున్నాడు. నీళ్లన్నీ తాగేశాడు.

"చీర మార్చుకో, వదినె," అన్నాడు గ్లాసు ఆమె చేతికిస్తూ. "టైమైతుంది."