ముట్టని గ్లాసు

“మేబెల్‌ను లేపేయాలి. ఆదివారం, చర్చిలోనే.”

జకర్యాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక చంపనని ఒట్టేసుకుని మల్కాజ్‌గిరిలో తన మానాన తాను బతుకుతున్న మనిషిని మళ్లీ పిలిపించి చెప్పే పనా ఇది!

“ఆ పిల్లకు గురిపెట్టుడు నేర్పింది నేను సార్.”

“శత్రువుల ముఠాకు అమ్ముడుపోయింది. రాడార్ సైంటిస్ట్ జ్ఞానశేఖర్‌కు అక్కడే విషం పెడుతుంది. నీ ఉంగరం ఉందిగా?” అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ జీవరాజు.

తాత ఇచ్చిన ఆ ఇనుప ఉంగరం విషం దగ్గరికొస్తే వేడెక్కుతుంది. ఎవరు కలిపారో మాత్రం చెప్పదు.

ఆదివారం, ఒకప్పుడు తనూ వెళ్లిన మారేడ్‌పల్లి చర్చిలో, రెండో వరుసలో, తెల్లగడ్డం అతికించుకుని కూర్చున్నాడు జకర్యా. జేబులో ఒకే బుల్లెట్ పేలే పెన్. ముందు బెంచీలో జీవరాజు, జ్ఞానశేఖర్, మేబెల్. జీవరాజు ఆ సంఘానికి పెద్ద. ప్రభు భోజనంలో అందరికీ పంచే ద్రాక్షరసం గ్లాసులు నింపేది ఆయనే.

మేబెల్ పట్టుచీర కొంగు తలమీదికి లాక్కుంటూ వెనక్కి తిరిగింది.

“గడ్డం జారింది అన్నా.”

“సిగ్గు లేదా నీకు?” పళ్లు కొరికాడు జకర్యా.

ట్రే ముందు బెంచీకొచ్చింది. ఉంగరం చుర్రుమంది. జకర్యా పెన్ మూత తిప్పాడు.

జీవరాజు గ్లాసు తీసుకోకుండా ట్రేను పక్కకు జరిపాడు. జ్ఞానశేఖర్ తీసుకున్నాడు. మేబెల్ కూడా తీసుకుంది.

విషం కలిపినదైతే తనెందుకు తీసుకుంటుంది? నెలనెలా అందరికంటే ముందు గ్లాసందుకునే జీవరాజు ఇవాళెందుకు వదిలాడు?

ఆ చర్చిలో అందరికీ అందేదాకా ఎవరూ తాగరు. పాస్టర్ మాట మీద కలిసి తాగుతారు. జకర్యాకు మిగిలిన వ్యవధి అంతే.

“అందరం కలిసి...” పాస్టర్ గ్లాసెత్తాడు.

“ఎవరూ తాగొద్దు!”

జకర్యా బెంచీ మీదుగా దూకాడు. జ్ఞానశేఖర్ గ్లాసో దిక్కు, మేబెల్ గ్లాసో దిక్కు ఎగిరిపడ్డాయి. గడ్డం ఊడింది. పెన్ జీవరాజు గొంతుకు ఆనింది. ట్రేలో మిగిలిన గ్లాసు తీసి అతని నోటిదగ్గర పెట్టాడు.

“నా చేత్తోటి నా పిల్లను చంపిద్దామనుకున్నవా? తాగు మరి.”

జీవరాజు పెదాలు బిగించుకున్నాడు.

“వాళ్లకు మనోళ్లల్ల అమ్ముడుపోయిందెవరో తెలుసుకుందామనే ముఠాల చేరిన అన్నా,” అంది మేబెల్. “సారేనన్నమాట. నా మీద అనుమానమొచ్చినట్టుంది.”

పెన్ మీట మీదున్న జకర్యా వేలు చివరికి వెనక్కి వచ్చింది. ఈ వెధవ కోసం ఒట్టు తప్పడమా? బేడీలు మేబెల్ వేసింది.

అయోగ్యంగా ప్రభువు పాత్ర ముట్టకూడదన్న బైబిల్ వాక్యాన్ని ఆ ఆదివారం తు.చ. తప్పకుండా పాటించినవాడు జీవరాజు ఒక్కడే.