మొదటి షరతు

కడిగిన గాజు గ్లాసులన్నీ వంటగది గట్టు మీద బోర్లించి ఉన్నాయి. వాటిలో తమవేవో, వాళ్లవేవో ఆమెకు తెలియడం లేదు. ముందుగదిలోంచి "టీ ఏమైంది?" అన్న భర్త గొంతు రెండోసారి వినిపించింది. నలుగురిలో ఉన్నప్పటి మర్యాద ఉంది ఆ గొంతులో, దాని అడుగున విసుగూ ఉంది. పెళ్లయిన నాటినుంచీ ఆ రెండూ కలిపి వినడం ఆమెకు అలవాటే. కానీ ఇవాళ చేతులు ఆడటం లేదు...

గ్లాసులు కలిసిపోతే కొంపలంటుకుంటాయా అని మీరనొచ్చు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో అంటుకునేవే. కలప అడితీల వీధికీ, లారీల వీధికీ గొడవలు జరిగి అప్పటికి చాలా నెలలైంది. వీళ్ల భాష వేరు, వాళ్ల భాష వేరు. వీళ్లు మొక్కే దేవుడు వేరు, వాళ్లు మొక్కే దేవుడు వేరు. అయినా తాతల కాలం నుంచీ వీళ్ల కలప వాళ్ల లారీల్లోనే పోయేది. కలప అడితీ యజమాని కూతురు, అంటే ఈమె ఒక్కగానొక్క కూతురు, లారీల యజమాని కొడుకుని పెళ్లి చేసుకుంది. అంతే. షట్టర్లు పగిలాయి, ఒక లారీ తగలబడింది, సగం అడితీ బూడిదైంది. ఆ తర్వాత రెండు వీధుల పెద్దలకీ శాంతి గుర్తొచ్చి, ఈ ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టారు.

మొదటిరోజే "వీళ్ల టీలో ఏం కలుపుతారో ఎవరికి తెలుసు" అన్నాడు అటువైపు ఒకడు. "మీరు తాగిన గ్లాసులు మాకొద్దు" అన్నాడు ఇటువైపు ఒకడు. అందుకని ఇద్దరు యజమానులూ తల బద్దలుకొట్టుకుని ఓ ఏర్పాటు చేశారు. ఇటువాళ్ల టీ ఈమె కాస్తుంది. అటువాళ్ల టీ లారీల యజమాని భార్య వచ్చి స్వయంగా కాస్తుంది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. రెండు గిన్నెలు, రెండు పళ్లేలు, రెండు జతల గ్లాసులు. ఆ గ్లాసులు మాత్రం రెండు జతలూ ఒకే కొట్లో కొన్నవి, ఒకే అచ్చు. వేర్వేరు అరల్లో సర్దుకోవడం వల్ల ఇన్నాళ్లూ గుట్టుగా గడిచిపోయింది. "ఆవిడతో మాటలు పెట్టుకోకు. ఒక్క మాట అటూ ఇటూ అయితే మా శ్రమంతా నీళ్లపాలవుతుంది," అన్నాడు భర్త. అక్కడ ఆవిడకీ అదే ఆజ్ఞ అయి ఉంటుంది. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు తల్లులు ఇన్ని నెలలుగా ఒకరికొకరు వీపు చూపించుకుని నిలబడ్డారు.

ఇవాళ రాజీ కాగితాల మీద సంతకాల రోజు. కూతురికి నెలలు నిండాయని బట్టలు కుట్టే ఆవిడ ఎప్పుడో చెప్పింది. తర్వాత ఏమైందో తెలియదు. ఆ పిల్ల ఊసెత్తితే ఆయన కంచం ముందునుంచి లేచిపోతాడు. అడగడానికి ఎవరున్నారు? ఆ ఆలోచనలోనే రెండు అరల గ్లాసులూ ఒక్క తొట్లో పడేసి కడిగేసింది.

"ఏవండీ..." అంది నోరు పెగల్చుకుని. "వీటిలో మీవేవో కాస్త చూస్తారా?"

నర్సమ్మ తిరిగింది. ఒక గ్లాసు తీసి వెలుతురుకి పట్టుకుంది. ఇంకోటి తీసి దాని పక్కన పెట్టింది. పెదవి విరిచింది.

"నాకూ తెలియడం లేదు వదినా," అంది.

వియ్యపురాలిని వియ్యపురాలు పిలిచే పిలుపు అది. ఈమె తొట్టి అంచు పట్టుకుంది.

"ఏమన్నారు?"

"వదినా అన్నాను. నా కొడుక్కి అత్తగారు మీరు, ఇంకేమని పిలవను?" నర్సమ్మ గొంతు తగ్గించింది. "మనకి మనవరాలు పుట్టింది. మా ఆసుపత్రిలోనే, నా చేతుల్లోనే. మా ఆయనకి చెప్పలేదు. చెబితే నన్నూ గుమ్మం ఎక్కనివ్వడు."

కళ్లనిండా నీళ్లు నిండిపోయి ఈమెకు గ్లాసులు కూడా కనిపించలేదు. "ఎలా ఉందండీ పాప..."

"పిల్ల బంగారంలా ఉంది. గొంతే మరీ పెద్దది. మీ పోలికేమో."

"నా పోలికా? ఈ ఇంట్లో నా గొంతు ఎవరు విన్నారండీ?"

నర్సమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది. "అమ్మాయికే ఒంట్లో బాగాలేదు వదినా. జ్వరం వదలడం లేదు. పైగా ఇంటాయన సాయంత్రానికల్లా గది ఖాళీ చేయమన్నాడు. ఇవాళ్టి నుంచి వాళ్లకి ఎవరూ ఇల్లివ్వకూడదట, సరుకివ్వకూడదట, రెండు వీధులవాళ్లూ గడప తొక్కనివ్వకూడదట. మొదటి షరతే అది. మీకు చెప్పలేదా?"

"ఎవరు పెట్టారు ఆ షరతు?"

"మీ ఆయనా, మా ఆయనా. ఇన్ని నెలల్లో వాళ్లిద్దరికీ వెంటనే కుదిరిన మాట అదొక్కటేనట."

ఆమె ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. గొడవ పెట్టుకోవడానికి భాష అడ్డొచ్చింది, దేవుడు అడ్డొచ్చాడు, వీధి అడ్డొచ్చింది. పచ్చి బాలింతరాలిని రోడ్డున పడేయడానికి మాత్రం ఏదీ అడ్డు రాలేదు ఆ ఇద్దరు పెద్దమనుషులకీ! ఒకడు ఆ పిల్లకి కన్నతండ్రి. రెండోవాడు మామగారు. ఇద్దరూ ఆ పసిగుడ్డుకి సాక్షాత్తూ తాతలు. ఊరికి శాంతి కావాలట. దానికి ఖరీదు తన కూతురట. ఇన్నాళ్లూ ఆ శాంతికి పాలు కాచి, పంచదార వేసి, పళ్లెంలో పెట్టి అందించింది తనే... ఆ సంగతి తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండు గిన్నెల్లోని టీ ఒక్క గిన్నెలోకి ఒంపేసింది. నర్సమ్మ చూసింది, కాదనలేదు. ఇద్దరూ చెరో పళ్లెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్లారు.

అటు కొందరు, ఇటు కొందరు, మధ్యలో కాగితాలతో రిటైరైన హెడ్మాస్టరు. అందరూ టీ అందుకున్నారు. లారీ తగలబెట్టిన కాంట్రాక్టరు ఇటువైపు కాలు మీద కాలేసుకుని తాగుతున్నాడు. అడితీకి నిప్పు పెట్టిన డ్రైవరు అటువైపు ఊదుకుంటూ తాగుతున్నాడు. హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకుని మొదటి షరతు చదివాడు. ఆమె భర్త కలం మూత తీశాడు.

"ఆగండి," అంది ఆమె.

"నువ్వు లోపలికి వెళ్లు," అన్నాడు ఆయన.

"వెళ్లను. నాదొక సందేహం ఉంది, తీర్చండి. లారీ కాల్చినాయన పేరు మీ షరతుల్లో ఎక్కడుంది?"

కాంట్రాక్టరు కాలు దించాడు.

"పాత విషయాలు తవ్వకూడదని అనుకున్నామమ్మా," అన్నాడు హెడ్మాస్టరు మెల్లగా. "అందరినీ క్షమించేశాం."

"నిప్పు పెట్టినవాళ్లకి క్షమాపణ. పెళ్లి చేసుకున్నవాళ్లకి వెలి. ఇదేనా బాబూ మీ న్యాయం? నా కూతురు ఎవరి షట్టరు పగలగొట్టింది? ఎవరి తల పగలగొట్టింది? మీరంతా తన్నుకున్నారు, సిగ్గుపడలేకపోయారు. ఆ సిగ్గు మోయడానికి ఓ ఆడపిల్ల కావాల్సొచ్చింది మీకు. ఆ పిల్ల జ్వరంతో పడుంది. ఒళ్లో పసిపిల్లుంది. అవునండీ, మీకు మనవరాలు. మీ ఇద్దరికీనూ."

లారీల యజమాని తన భార్యవైపు చూశాడు. నర్సమ్మ చూపు తిప్పుకోలేదు.

"ఇంకో మాట," అంది ఆమె. "గ్లాసులన్నీ కలిసిపోయాయి. టీ కూడా కలిపేశాను. ఎవరి గ్లాసులో ఎవరు తాగారో మాకే తెలియదు. ఇంతసేపైంది, ఎవరూ చావలేదు. ఇక మీ టీ మీరే కాచుకోండి."

ఎవరో గ్లాసు గబుక్కున కింద పెట్టారు. ఆమె చెప్పులేసుకుంది. నర్సమ్మ సంచీ తీసుకుంది. రెండు వీధులవాళ్లూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తుంటే, పట్టపగలు, ఇద్దరూ పక్కపక్కనే నడిచి వెళ్లారు.

బస్టాండు వెనక మేడమీది గదిలో కూతురు వణుకుతూనే గిన్నెలు సంచీలో సర్దుతోంది. అల్లుడు బండి మాట్లాడడానికి వెళ్లాడు. తల్లిని చూడగానే ఆ పిల్ల చేతిలోది చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా... నువ్వెలా వచ్చావు? నాన్నకి తెలిస్తే..."

"చెప్పే వచ్చాను. ఆ సంచీలు విప్పు ముందు." కూతుర్ని పొదివి పట్టుకుంది. ఒళ్లు కాలిపోతోంది. ఈ ఒళ్లు తాకకుండా ఇన్ని నెలలు ఎలా బతికానురా భగవంతుడా అని వెక్కి వెక్కి ఏడ్చింది. నర్సమ్మ వాళ్లిద్దరినీ విడదీసి, అమ్మాయిని మంచం మీద పసిపిల్ల పక్కన పడుకోబెట్టి, మాత్ర వేసింది.

ఇంటాయన గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "నాదేం లేదండీ. పెద్దలు చెప్పారని..."

"ఆ పెద్దల పెళ్లాలమే మేమిద్దరం," అంది ఆమె. "ఇవాళ్టి నుంచి మేమూ ఇక్కడే ఉంటాం. ఖాళీ చేయించండి చూద్దాం."

ఇంటాయన వచ్చిన దారినే దిగిపోయాడు.

పొద్దు వాలుతుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆమె భర్త. వెనకే లారీల యజమాని కూడా వచ్చి, పై మెట్టు మీదే ఆగిపోయాడు. ఈయన గడప దాకా వచ్చి లోపలికి చూశాడు.

"మొదటి షరతు కొట్టేశాం," అన్నాడు. పంచాయితీ తీర్పు చెప్పినట్టే చెప్పాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కొట్టేశామని నాకు చెప్పకండి. అసలు ఎందుకు రాశారో మీ కూతురికి చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. ఊళ్లో ఎంతమంది తగవులకో మాటలు దొరికిన నోరది. గోడ పట్టుకున్నాడు. "తప్పు చేశానమ్మా," అన్నాడు చివరికి.

కూతురు మంచం మీద లేచి కూర్చుంది. పసిపిల్ల కెవ్వుమంది. స్టవ్వు మీద నీళ్లు మరుగుతున్నాయి. తల్లి లేవబోతే వద్దని, గోడ ఆనుకుంటూ తనే లేచి, పిల్లని తీసుకెళ్లి తండ్రి చేతుల్లో పెట్టింది.

"మెడ కింద చెయ్యి పెట్టండి నాన్నా," అని స్టవ్వు దగ్గరికి వెళ్లింది.

ఆయన మెడ కింద చెయ్యి పెట్టాడు. భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నాడు. భార్య చూసింది. ఎన్నోసార్లు ఆయన కళ్లలో నలుసు పడితేనే కొంగు పట్టుకుని పరుగెత్తిన మనిషి ఆమె. ఈసారి కదల్లేదు. ఏడవనీ అనుకుంది.